ఎండిన కొలనులో ఎగిరినవాళ్లు

వీధిబొమ్మల కథ: 9వ భాగం

కాలిఫోర్నియాలో 1976, 77 వరసగా రెండేళ్లూ వానలు మొహం చాటేశాయి. నీళ్లు ఆచితూచి వాడమని ఊళ్లకు ఊళ్లే ఆంక్షలు పెట్టాయి. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కలవారి పెరళ్లలో నీలంగా మెరిసే ఈతకొలనులు ఒక్కొక్కటిగా ఒట్టిపోయాయి. ఇంటివాళ్లకు అది కరువు. సాంటా మోనికా, వెనిస్ పేటల కుర్రాళ్లకు మాత్రం పిలవని పేరంటం.

అక్కడి కొలను అడుగు పెద్ద గిన్నెలా ఉంటుంది. వంపు తిరుగుతూ పైకి లేచి అంచు దగ్గర నిటారు గోడ అవుతుంది. చక్రాల పలక మీద నిలబడి ఒక అంచు నుంచి జారితే, ఆ ఊపే రెండో అంచుకు మోసుకుపోతుంది. ఊపు ఇంకాస్త మిగిలితే అంచు దాటి గాల్లోకి. కుర్రాళ్లు సందుల్లో తిరుగుతూ ప్రహరీల మీంచి తొంగి చూసేవాళ్లు. కొలను ఖాళీగా ఉంది, ఇంట్లో ఎవరూ లేరు అని తేలితే గోడ దూకడమే. అడుగున మిగిలిన నాచునీళ్లు బకెట్లతో తోడిపోసి, చీపురేసి ఊడ్చి, పోలీసు బండి చప్పుడు వినపడేదాకా ఆడేవాళ్లు. వినపడితే వెనక గోడ.

ఆ పరుగులో ఒకడి మెడలో కెమెరా ఊగుతుండేది. ఈ భాగం కథ అతనిది.

ఎందుకంటే స్కేట్‌బోర్డు ఆటకు ఒక చిత్రమైన చిక్కుంది. క్రికెట్‌కు స్కోరు పుస్తకం ఉంది. చదరంగానికి ఎత్తులు రాసుకునే పద్ధతి ఉంది. దీనికి అలాంటి పద్దు లేదు. ఒక విన్యాసం మహా అయితే రెండు సెకన్లు. ఆడే చోటు సొంతం కాదు: మురుగు కాలువ గట్టు, కోర్టు మెట్లు, బ్యాంకు ముందరి చప్టా, పరాయివాడి పెరడు. కొలను అంచున చక్రాలు గీసిన మచ్చ ఒకటి మిగులుతుంది, వాన పడితే అదీ నీళ్ల కిందికి పోతుంది. ఫలానావాడు ఫలానా చోట ఇది చేశాడని రుజువు కావాలంటే ఫొటో తప్ప దిక్కులేదు. రెవెన్యూ భాషలో చెప్పాలంటే, అడంగల్లో పేరెక్కని రైతు చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితం.

గత భాగంలో సముద్రపు ఒడ్డున ఆగాం. 1960లో అలల ఆట కోసం ‘సర్ఫర్’ పత్రిక పెట్టిన జాన్ సెవర్‌సన్ దగ్గర. ఈ కథలోనూ మొదటి అడుగు ఆయనదే. అలలు లేని రోజున సర్ఫర్లు రోలర్ స్కేట్ చక్రాలను పలకకు బిగించి రోడ్డు మీద జారుతున్నారని గమనించి, 1964 చివర్లో ‘క్వార్టర్లీ స్కేట్‌బోర్డర్’ అనే మూడు నెలల పత్రిక తీశారు. నాలుగు సంచికలు వచ్చాయి. అంతే, 1965లో మూతబడింది.

అదే ఏడాది ఈ ఆట మొదటిసారి అమెరికా ఇంటింటికీ చేరింది. 1965 మే 14 నాటి ‘లైఫ్’ పత్రిక ముఖచిత్రం మీద శాన్ డియాగో అమ్మాయి ప్యాట్ మెగీ కదులుతున్న బోర్డు మీద చేతులాన్చి, కాళ్లు ఆకాశానికెత్తి తలకిందులుగా నిలబడి ఉంటుంది. అప్పటికామె అమ్మాయిల జాతీయ విజేత. తీసింది బిల్ ఎప్రిడ్జ్. మూడేళ్ల తర్వాత, 1968 జూన్‌లో, లాస్ ఏంజెలెస్ హోటల్ వంటింటి నేల మీద తూటా తగిలి పడిపోయిన రాబర్ట్ కెనెడీని, పక్కన మోకాళ్ల మీద కూచున్న హోటల్ కుర్రాణ్ని ఫొటో తీసిందీ ఆయనే. చరిత్రలో కొన్ని కెమెరాలకు సంతోషమూ దుఃఖమూ రెండూ రాసిపెట్టి ఉంటాయి కాబోలు.

‘లైఫ్’ ఆ ముఖచిత్రం వేసింది కానీ మెచ్చుకుంటూ కాదు. ఇదొక పిచ్చి, ఇదొక పీడ అన్న ధోరణి. నిజానికి పీడ బోర్డుది కాదు, చక్రాలది. మొదట ఇనప చక్రాలు, తర్వాత మట్టి కలిపిన మిశ్రమంతో చేసినవి. దారిలో చిన్న గులకరాయి అడ్డొస్తే చక్రం అక్కడే ఆగిపోయేది, పిల్లవాడు మాత్రం ముందుకు వెళ్లిపోయేవాడు. చేతులు విరిగాయి, డాక్టర్లు మొత్తుకున్నారు, నగరాలు నిషేధాలు పెట్టాయి. ఏడాది తిరక్కుండా దుకాణాల్లో బోర్డులు పేరుకుపోయాయి.

తర్వాతి కొన్నేళ్ల కథ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

1970 ప్రాంతంలో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే యువకుడు వర్జీనియాలోని ఒక ప్లాస్టిక్ కర్మాగారానికి వెళ్లాడు. రింకుల్లో రోలర్ స్కేటింగ్ నేర్చుకునేవాళ్ల కోసం యురెథేన్‌తో చేసిన మెత్తని చక్రాలు అక్కడ పీపాల్లో పడి ఉన్నాయి. వాటిని బోర్డుకు బిగించి చూశాడు. గులకరాయి మీద ఎక్కి దిగిపోయాయి. కాలిఫోర్నియాకు మకాం మార్చి, ‘కాడిలాక్ వీల్స్’ పేరుతో అమ్మకానికి పెట్టాడు. చక్రం నేలను పట్టుకోవడం మొదలెట్టాక గోడ ఎక్కడం కుదిరింది. ఆట మళ్లీ లేచింది, దాని వెంటే కెమెరా లేచింది.

1975లో ‘స్కేట్‌బోర్డర్’ పత్రిక తిరిగి మొదలైంది. సంపాదకుడు వారెన్ బోల్‌స్టర్ సముద్రం ఫొటోలు తీసి చెయ్యి తిరిగినవాడు. అలలను తీసే పనిముట్లన్నీ కాంక్రీటు మీదికి తెచ్చాడు: ఫిష్ఐ లెన్సు, మోటార్ డ్రైవు, ఫ్లాష్. ఫిష్ఐ అంటే పేరుకు తగ్గట్టే చేప కన్ను. నూట ఎనభై డిగ్రీల మేర చుట్టూ ఉన్నదంతా ఒక్క చట్రంలోకి లాక్కుంటుంది. దాంతో తీయాలంటే స్కేటర్‌కు జానెడు దూరంలో నిలబడాలి. బోర్డు తప్పిందా, పగిలేది లెన్సు, లేదా మొహం. స్కేట్‌బోర్డు ఫొటోల్లో కనిపించే ఆ వంగిన ప్రపంచం వెనక ఈ తెగింపు ఉంది. చూసేవాడికి దూరంగా గ్యాలరీలో కూచున్న భావన రాదు. కొలను లోపల, చక్రాల కింద తానే ఉన్నట్టుంటుంది.

అదే పత్రికలో 1975 నుంచి క్రెయిగ్ స్టెసిక్ వెనిస్, సాంటా మోనికా కుర్రాళ్ల గురించి వ్యాసాలు మొదలెట్టాడు. బొమ్మలు తనవే, రాతలూ తనవే. కాకపోతే రాతలకు పెట్టింది మారుపేర్లు, ఒక్కోసారి ఒక్కోటి. ‘డాగ్‌టౌన్’ పేరుతో వచ్చిన ఆ వ్యాసాల్లో నునుపైన పార్కులు లేవు. పాడుబడ్డ రేవు, గోడ రాతలు, చిరిగిన కాన్వాసు బూట్లు, వాటి మధ్య ఎగిరే మనుషులు. ఈ కుర్రాళ్లు జెఫ్ హో, స్కిప్ ఎంగ్‌బ్లమ్, స్టెసిక్ కలిసి నడిపిన జెఫైర్ సర్ఫ్ దుకాణం జట్టు. అందులో ఒకే ఒక్క అమ్మాయి, పెగీ ఓకీ. 1975లో డెల్ మార్ జాతీయ పోటీల్లో అమ్మాయిల ఫ్రీస్టైల్ ఆమే గెలిచింది. దుకాణం మరుసటి ఏడాదికే మూతపడింది. జట్టు చెల్లాచెదురైంది. అయినా ఇప్పటికీ ప్రపంచమంతా ఆ పేరు చెప్పుకుంటోందంటే, ఆ ఖ్యాతిలో ఆటగాళ్ల వాటా ఎంతో కెమెరా వాటా అంతే. ఈ మాట ఆటగాళ్ల అభిమానులకు నచ్చకపోవచ్చు.

వీళ్ల వెంట తిరిగిన గ్లెన్ ఫ్రీడ్‌మన్ 1962లో పుట్టాడు. అతని ఫొటో ‘స్కేట్‌బోర్డర్’లో అచ్చయ్యేనాటికి వయసు పద్నాలుగు. పత్రిక పంపిన ఫొటోగ్రాఫర్ కాదు, ఆ కుర్రాళ్లలో కుర్రాడు. గోడ దూకేటప్పుడు వాళ్లతోపాటే దూకాడు. తర్వాత పంక్ బృందం బ్లాక్ ఫ్లాగ్‌నూ, ర్యాప్ బృందం పబ్లిక్ ఎనిమీనీ తీసిన చెయ్యి అదే. బయటివాడు తొంగిచూసి తీసిన బొమ్మకీ, లోపలివాడు తీసిన బొమ్మకీ ఉండే తేడా ఆ పద్నాలుగేళ్ల వాడి ఫొటోల్లో తెలుస్తుంది.

అలాగని బయటివాడికి కన్నుండదని కాదు. హ్యూ హాలండ్ ముప్ఫై దాటిన మనిషి. 1975లో ఒక మధ్యాహ్నం హాలీవుడ్ కొండల్లో లారెల్ కాన్యన్ దారిన కారులో పోతుంటే వాననీటి కాలువలోంచి తలలు పైకి లేచి మాయమవుతూ కనిపించాయి. ఆగాడు. మూడేళ్లపాటు ఆగుతూనే ఉన్నాడు. సినిమావాళ్లు వాడగా మిగిలిపోయిన నెగెటివ్ ఫిల్ము చవగ్గా దొరికితే అందులోనే తీసేవాడు. సాయంత్రపు ఎండ, ఆ ఫిల్ము రంగు కలిసి ఆ బొమ్మలన్నిటికీ తేనె పూసినట్టుంటుంది. చొక్కా లేని వీపులు, చెమటకు అతుక్కున్న పొడుగు జుట్టు, మోకాలి చిప్ప మీద ఎండిన నెత్తురు. అవి ‘లోకల్స్ ఓన్లీ’ పుస్తకంగా వచ్చేసరికి 2010. కాలువలో ఆడిన పిల్లలు అప్పటికి నలభైల్లో పడ్డారు.

1970ల చివర్లో ఊరూరా సిమెంటు పార్కులు లేచాయి, బీమా ఖర్చులు భరించలేక అంతే వేగంగా మూతపడ్డాయి. ‘స్కేట్‌బోర్డర్’ 1980లో పేరు మార్చుకుంది, కొన్నాళ్లకు పోయింది. ఆట వీధిన పడింది, అక్షరాలా. ఫ్లోరిడా కుర్రాడు అలన్ గెల్ఫండ్ చేత్తో పట్టుకోకుండా కాళ్లతోనే బోర్డును గాల్లోకి లేపే కిటుకు కనిపెట్టాడు, దాన్ని రాడ్నీ మలెన్ 1980ల మొదట్లో చదును నేల మీదికి తెచ్చాడు. ఇక మెట్లు, బల్లలు, రెయిలింగులు, అరుగులు అన్నీ ఆటస్థలాలే.

వీధికి తగ్గ పత్రికలూ పుట్టాయి. 1981 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ‘థ్రాషర్’. ఫాస్టో విటెల్లో, ఎరిక్ స్వెన్‌సన్ పెట్టింది, మొరటుగా ఉండటమే దాని ముద్ర. 1983లో దానికి పోటీగా దక్షిణాన ‘ట్రాన్స్‌వరల్డ్ స్కేట్‌బోర్డింగ్’. రెండోదాని ఫొటో సంపాదకుడు గ్రాంట్ బ్రిటన్ డెల్ మార్ స్కేట్ పార్కులో పనిచేస్తూ, 1979లో గదిలో ఉండే స్నేహితుడి కెమెరా అడిగి తీసుకుని మొదలెట్టినవాడు. కుర్రాడుగా ఉన్న టోనీ హాక్ ఆ పార్కులో ఎగరడం నేర్చుకుంటున్న రోజులవి. పార్కును 1987లో కూలగొట్టారు. అక్కడ గడిచిన ఎనిమిదేళ్లు బ్రిటన్ నెగెటివ్‌ల పెట్టెల్లో ఉన్నాయి.

1987 జూన్ ‘ట్రాన్స్‌వరల్డ్’ ముఖచిత్రం చూడాలి. అందులో ఎగరడం లేదు. టాడ్ స్వాంక్ ఒక కాలు బోర్డు మీద పెట్టి రెండో కాలితో నేలను తన్నుతూ ముందుకు పోతున్నాడు, అంతే. బడికి పోయే పిల్లాడు కూడా చేసే పని. ఎక్కువ ఎత్తు ఎవరు ఎగిరారన్నదే కొలబద్దగా ఉన్న లోకంలో బ్రిటన్ ఆ పోటీనంతా పక్కనపెట్టి, చక్రాలకూ నేలకూ ఉన్న మొదటి చుట్టరికాన్ని చూపించాడు. ఫొటో చరిత్రలో స్కేట్‌బోర్డు నుంచి ఒక్క బొమ్మే ఎంచుకోమంటే ఎగిరేవాటినన్నిటినీ వదిలి దీన్నే ఎంచుకోవచ్చు.

ఫొటోగ్రాఫర్లకు ఈ ఏళ్లలోనే ఒక రాయని నీతి ఏర్పడింది. స్కేటర్ ఎక్కణ్నుంచి లేచాడు, ఎక్కడ దిగబోతున్నాడు, రెండూ చట్రంలో ఉండాలి. గాల్లో ఉన్న మనిషిని మాత్రమే కోసి చూపిస్తే అది మూడు మెట్లా పదిహేను మెట్లా ఎవరికి తెలుసు? రెండోది ఇంకా కఠినం. విన్యాసం పూర్తిచేసి చక్రాల మీద దిగి, అలాగే సాగిపోతేనే ఆ ఫొటో అచ్చుకు పోవాలి. బొమ్మ ఎంత అందంగా వచ్చినా, ఆ వెంటనే అతను కింద పడి ఉంటే అది అబద్ధం కిందే లెక్క. ఫొటోలో పడటం కనిపించదు కదా అంటే ఒప్పుకోరు. అందుకే ఒకే మెట్ల మీద రాత్రంతా, యాభైసార్లు, వందసార్లు. కాపలావాడు తరిమితే మర్నాడు మళ్లీ. రీలులో ఉండేది 36 ఫ్రేములు. మోటార్ డ్రైవుతో సెకనుకు అయిదు చొప్పున తీస్తే ఏడు సెకన్లలో రీలు ఖాళీ. కొందరు హాసెల్‌బ్లాడ్‌కు మారారు. దాని షట్టరు లెన్సులోనే ఉంటుంది కాబట్టి సెకనులో 500వ వంతు వేగంలోనూ ఫ్లాష్ కలుస్తుంది, పట్టపగలు కూడా మనిషిని గాల్లో గడ్డకట్టించవచ్చు. దానికి తగిలించే 30 మిల్లీమీటర్ల ఫిష్ఐ లెన్సు ధర మాత్రం వింటే స్కేటర్ పడ్డప్పటికన్నా గట్టిగా గుండె జారుతుంది.

ఈ పత్రికల పేజీల్లో చోటు దొరకనివాళ్లు చేతికందిన దారి పట్టారు. జిరాక్సు మిషను. నాలుగు కాగితాలు మడిచి, స్టేప్లరు కొట్టి, స్నేహితుల ఫొటోలతో చిన్న పత్రికలు. ముఖచిత్రం మీది టాడ్ స్వాంక్ కూడా అలాంటిది నడిపినవాడే. ఇక్కణ్నుంచి గోడ మీది ప్రదర్శనకు ఒక్క అంగే.

ఆ అంగ వేసిన చోట్లలో ముందు చెప్పుకోవాల్సింది న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో లడ్లో వీధి. 1992లో ఆరన్ రోజ్ అక్కడ అలెజ్డ్ గ్యాలరీ తెరిచాడు. కళాశాల పట్టాలు ఉన్నాయా అని అడిగే చోటు కాదు. స్కేటర్ మార్క్ గొంజాలెస్ గీసిన బొమ్మలు, ఎడ్ టెంపుల్‌టన్ ఫొటోలు, టోబిన్ యెలండ్ ఫొటోలు, గోడ రాతల నుంచి వచ్చిన బ్యారీ మెగీ, మార్గరెట్ కిల్‌గాలెన్ చిత్రాలు. టెంపుల్‌టన్ ప్రత్యేకం. అతను పేరున్న ఆటగాడు, ‘టాయ్ మెషీన్’ అనే బోర్డుల సంస్థ యజమాని, దాని బొమ్మలన్నీ తనే గీస్తాడు, ప్రదర్శనలకు వెళ్లిన ప్రతి ఊళ్లో తోటి కుర్రాళ్లను ఫొటో తీస్తాడు. అతని ఫొటోల్లో ఆట తక్కువ, ఆటకు ముందూ వెనకా ఎక్కువ: వ్యాను వెనక సీట్లో నిద్ర, ఆసుపత్రి కట్లు, పదమూడేళ్ల నోట్లో సిగరెట్టు.

గ్యాలరీ 2002లో మూతపడింది. రెండేళ్లకు అక్కడి మనుషులే పెద్ద మ్యూజియంలోకి నడిచారు. ఆరన్ రోజ్, క్రిస్టియన్ స్ట్రైక్ కూర్చిన ‘బ్యూటిఫుల్ లూజర్స్’ ప్రదర్శన 2004లో సిన్సినాటీలోని కాంటెంపరరీ ఆర్ట్స్ సెంటర్‌లో మొదలై శాన్ ఫ్రాన్సిస్కోకు, ఆపైన ఇతర ఊళ్లకు తిరిగింది. అంతకుముందే 2002లో జర్మనీలోని కాసెల్‌లో జరిగే డాక్యుమెంటా మహా ప్రదర్శనలో సింపార్క్ బృందం ఒక చెక్క కొలను కట్టి పెట్టింది. చూసిపోవడానికి కాదు, స్కేటర్లు ఎక్కి ఆడటానికి. పైన కళ్లతో చూసేవాళ్లు, లోపల కాళ్లతో చూసేవాళ్లు. 2011లో లాస్ ఏంజెలెస్ సమకాలీన కళా మ్యూజియం వీధికళ మీద పెట్టిన ప్రదర్శనకు రెండు లక్షల మందికి పైగా వచ్చారు. అందులోనూ ఒక ర్యాంపు ఉంది. కొలనుల్లోంచి తరిమిన ఊరే కొలనును లోపల కట్టించుకుంది.

డబ్బు ఊరుకుంటుందా? 2019 జనవరిలో సదబీస్ సంస్థ ‘సుప్రీమ్’ ముద్ర ఉన్న 248 బోర్డుల పూర్తి సెట్టును వేలం వేస్తే 8 లక్షల డాలర్లు పలికింది. కొన్నది వాంకూవర్‌కు చెందిన పదిహేడేళ్ల కుర్రాడు. ఆ బోర్డుల మీద ఎవరూ ఎక్కలేదు, ఎక్కబోరు. గోడకు వేలాడే గుర్రాలు. ఇందులో నేరమేమీ లేదు కానీ, ఈ కథకు ఇది పక్కదారి.

అసలు దారి కాబూల్ వైపు పోతుంది. 2007లో ఆస్ట్రేలియా నుంచి ఆలివర్ పెర్కోవిచ్ రెండు మూడు బోర్డులతో కాబూల్ వచ్చాడు. మక్రోయాన్ పేటలో సోవియట్ కాలపు ఫౌంటెన్ ఒకటి ఎండిపోయి ఉంది. పిల్లలు అక్కడే ఆట నేర్చుకున్నారు. కాలిఫోర్నియా కొలనులో నీళ్లు కరువు వల్ల పోయాయి, కాబూల్ ఫౌంటెన్‌లో యుద్ధం వల్ల పోయాయి. చక్రాలకు రెండూ ఒకటే. ఆడపిల్లలు సైకిలు తొక్కితే తప్పు పట్టే ఊరు అది. స్కేట్‌బోర్డును మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు, అది ఏమిటో తెలిస్తే కదా. ఆ సందులోంచి ఆడపిల్లలు లోపలికి వచ్చారు. ‘స్కేటిస్తాన్’ పేరుతో 2009లో బడి తెరిచారు. ఆటతోపాటు చదువు, బొమ్మలు, ఆడపిల్లలకు వేరే రోజులు.

బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జెస్సికా ఫుల్‌ఫర్డ్-డాబ్సన్ అక్కడ ఏడేళ్ల పాపను తీసిన ఫొటోకు 2014లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఇచ్చే టేలర్ వెసింగ్ పోటీలో రెండో బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది సాచీ గ్యాలరీలో ఆ వరస మొత్తం ప్రదర్శించారు. ఆ పాప ఎగరడం లేదు. బోర్డు పక్కన పెట్టుకుని కెమెరా వైపు సూటిగా చూస్తుంది, తన చోట తాను నిలబడినట్టు. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌ను పట్టుకున్నాక అక్కడి బడి ఆగిపోయింది. ఫౌంటెన్ అంచున, ర్యాంపుల మీద ఆడపిల్లలు తిరిగారన్న దానికి ఇవాళ బొమ్మలే ఆధారం.

మన దేశంలో ఈ ఆట కథ ఇంకా చిన్నది. 2013లో బెంగళూరులో ‘హోలీస్టోక్డ్’ బృందం, ఒక జీన్సు కంపెనీ ఖర్చుతో, స్వదేశీ విదేశీ కుర్రాళ్ల చేతుల మీదుగా పార్కు కట్టుకుంది. 2015లో మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ అనే పల్లెలో జర్మనీకి చెందిన ఉల్రికె రైన్‌హార్డ్ సిమెంటు పార్కు కట్టించారు. అక్కడ రెండే నియమాలు. ఆడపిల్లలకు ముందు చోటు. బడికి రాకపోతే బోర్డు లేదు. గోండు, యాదవ పిల్లలు ఒకే వంపు మీద వరసలో నిలబడటం ఆ ఊళ్లో చిన్న సంగతి కాదు. ఆ వరసలోంచి వచ్చిన ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో ప్రపంచ పోటీలకు వెళ్లింది.

ఇక లండన్. ఫొటో దస్తావేజుగా పనికొచ్చిన ఊరు ఇదే.

థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున క్వీన్ ఎలిజబెత్ హాల్ 1967లో తెరుచుకుంది. పైన సంగీత కచేరీలు. కింద స్తంభాల మధ్య ఫలానా పనికని ఏమీ అనుకోకుండా వదిలేసిన చోటు, ఏటవాలు సిమెంటు గట్లు, వాన తడవని కప్పు. 1970లలో స్కేటర్లు అక్కడ చేరారు. మళ్లీ కదల్లేదు. తరాలు మారాయి, ఫొటోలు పోగయ్యాయి. 2013లో సౌత్‌బ్యాంక్ సెంటర్ భారీ విస్తరణ పథకం ప్రకటించింది. కింది చోటులో దుకాణాలు, తిండిశాలలు వస్తాయి, స్కేటర్లకు కాస్త దూరంలో హంగర్‌ఫర్డ్ వంతెన కింద కొత్త స్థలం కట్టిస్తాం అంది. బేరం చూడ్డానికి మంచిదే. కొత్తది, శుభ్రమైంది, ఉచితం.

కుర్రాళ్లు వద్దన్నారు. చరిత్రను బండికెత్తి మరో చోట దించలేరన్నారు. ‘లాంగ్ లివ్ సౌత్‌బ్యాంక్’ పేరుతో ఆ స్తంభాల దగ్గరే బల్ల వేసుకుని దారినపోయేవాళ్ల సంతకాలు సేకరించారు. లక్షా యాభై వేలు దాటాయి. లాంబెత్ కౌన్సిల్‌కు 27 వేలకు పైగా అభ్యంతర పత్రాలు వెళ్లాయి. ఇంకో ఎత్తు వేశారు, అది వింటే మన పట్వారీలు కూడా ముక్కున వేలేసుకుంటారు. ఇంగ్లండు చట్టంలో ఊరి ఉమ్మడి పచ్చిక బయలు అన్న ఏర్పాటు ఉంది. ఊరివాళ్లు ఒక చోటును కనీసం ఇరవై ఏళ్లు అడ్డంకి లేకుండా ఆటపాటలకు వాడుకున్నారని రుజువు చేస్తే దాన్ని కాపాడాల్సిందే. గడ్డిపోచ మొలవని ఆ సిమెంటు నేలను ఉమ్మడి పచ్చిక బయలుగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టారు!

ఇరవై ఏళ్లు వాడుకున్నట్టు రుజువు చేయాల్సిన చోట పాత ఫొటో జ్ఞాపకం కాదు, సాక్ష్యం. వెనక అదే స్తంభం, అదే గట్టు. ముందు 1970ల నాటి పొడుగు జుట్టు కుర్రాడు, ఇంకో దాంట్లో 80ల వాడు, మరో దాంట్లో 90ల వాడు. స్కేటర్‌తోపాటు లేచిన చోటు, దిగే చోటు చట్రంలో ఉండాలన్న పాత నీతి ఇక్కడ అక్కరకొచ్చే తీరు చూడండి: మనిషిని మాత్రమే కోసి తీసి ఉంటే ఏ ఊరో ఎవరికీ తెలిసేది కాదు. ఆ చోట పెరిగిన విన్‌స్టన్ విటర్ అంతకు ముందే బ్రిటిష్ స్కేటర్ల మీద డాక్యుమెంటరీ తీసి ఉన్నాడు, ఉద్యమంలోనూ కెమెరా పట్టుకున్నాడు.

2014 జనవరిలో నగర మేయరు బోరిస్ జాన్సన్ స్కేటర్లు ఉన్నచోటే ఉండాలని చెప్పడంతో పథకం కాళ్లు విరిగాయి. సెప్టెంబరులో ఇరుపక్షాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఆ చోటు స్కేటర్లకే. అక్కడితో ఆగలేదు. నిన్నటిదాకా కొట్లాడుకున్న రెండు వర్గాలూ కలిసి చందాలు పోగుచేసి, అంతకు ఎన్నో ఏళ్ల కిందట గోడ కట్టి మూసేసిన భాగాన్ని బాగుచేయించి 2019 జూలైలో తెరిచాయి.

ఫిలడెల్ఫియా వాళ్లకు ఆ అదృష్టం లేదు. లవ్ పార్కులో స్కేటింగ్ నిషేధించినప్పుడు, ఆ పార్కు రూపకర్తల్లో ఒకరైన ఎడ్మండ్ బేకన్ 2002 అక్టోబరులో, తొంభై రెండేళ్ల వయసులో, ఇద్దరి ఆసరాతో బోర్డెక్కి నిరసన తెలిపారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. పార్కు మాత్రం 2016లో తవ్వకాలకు పోయింది. ఫొటో ప్రతిసారీ దస్తావేజు అవదు.

టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డు అడుగుపెట్టిన 2021 వేసవిలోనే లండన్ సోమర్‌సెట్ హౌస్ ‘నో కంప్లై’ పేరుతో బ్రిటిష్ స్కేటర్ల జీవితం మీద ప్రదర్శన పెట్టింది. ఆ పేరు ఒక విన్యాసానిది, కానీ లోబడం అన్న అర్థమూ అందులో ఉంది. 2023లో డిజైన్ మ్యూజియం వంద బోర్డుల దాకా వరసగా పేర్చి, మధ్యలో ర్యాంపు కట్టి, బోర్డుతో వచ్చినవాళ్లను ఎక్కనిచ్చింది.

లండన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులు లండన్ ఐ ఎక్కకుండా తిరిగిరారు. దిగాక నదిని ఎడమ చేతి వైపు ఉంచుకుని ఒడ్డునే పది నిమిషాలు నడిస్తే చక్రాల చప్పుడు వినపడుతుంది. రెయిలింగు ఆనుకుని కాసేపు నిలబడండి. టికెట్టు లేదు. ఎవరో ఒకరు నేల మీద పడుకుని ఫొటో తీస్తూ ఉంటారు, వాళ్లకు అడ్డం రాకండి.

(సశేషం)